ఇరవై ఏళ్లకు అందిన ముగింపు

నత్సుకి తకాయాది ఎడమచేతి వాటం. అక్షరమైనా బొమ్మైనా ఆ చేత్తోనే. సరిగ్గా ఆ చెయ్యే విరిగింది.

అప్పటికామెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. టోక్యోలో హకుసెన్‌షా సంస్థ ఆడపిల్లల కోసం నడిపే ‘హనా తో యుమే’ పత్రికలో 1998 నుంచి ‘ఫ్రూట్స్ బాస్కెట్’ అనే బొమ్మల సీరియల్ గీస్తున్నారు. ఆరు సంపుటాలకు సరిపడా కథ నడిచింది. శస్త్రచికిత్స తప్పదన్నారు. సీరియల్ ఆగింది. వారపత్రిక తెరవగానే తన సీరియల్ కనపడకపోతే ఎంత దిగులో, మన దగ్గర సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా ఆ కథ ఆగిన చోటు అలాంటిది.

కథానాయిక తోరు హోండాకు పదహారేళ్లు. నాన్న చిన్నప్పుడే పోయాడు. అమ్మ క్యోకో రోడ్డు ప్రమాదంలో పోయింది. తాతయ్య ఇంటికి మరమ్మతులు మొదలయ్యాయి, కొన్నాళ్లు స్నేహితురాళ్ల ఇంట్లో సర్దుకోమన్నాడు. ఒకరిది ఇరుకిల్లు, ఇంకొకరిది ఇంటినిండా మనుషులు. వాళ్లను ఇబ్బంది పెట్టలేక, ఎవరికీ చెప్పకుండా అడవిలాంటి చోట గుడారం వేసుకుంది. బడి వదిలాక భవనాలు తుడిచే పని. గుడారంలో అమ్మ ఫొటో. ఒక రాత్రి మట్టిపెళ్లలు విరిగిపడి గుడారం పూడిపోయింది. ఆ స్థలం సోమా కుటుంబానిది. వాళ్లింట్లోనే తోరుకు నీడ దొరికింది.

సోమా వాళ్లకు తరాల నాటి శాపం. ఆడా మగా కౌగిలించుకుంటే చాలు, ఏడాదికొక జంతువు చొప్పున సాగే చక్రంలోని పన్నెండు జంతువుల్లో తమకు రాసిపెట్టిన జంతువైపోతారు. ఆ ఇంటి కుర్రాళ్లలో యుకి ఎలుక. క్యో పిల్లి. ఆ పన్నెండింటిలో పిల్లికి చోటే లేదు. దేవుడి విందు ఎప్పుడో ఎలుక అబద్ధం చెప్పి పిల్లిని మోసం చేసిందట, ఆ పగ ఈ ఇద్దరు కుర్రాళ్ల దాకా దిగింది. కౌగిలికి నోచుకోని పిల్లల మధ్య ప్రేమకథ అల్లడం ఎంత సాహసమో ఆలోచించండి. మనసు విప్పితే నా అసలు రూపం బయటపడుతుందే అన్న ఆ వయసు భయానికి ఇంతకంటే సూటి రూపం నాకు మరెక్కడా కనపడలేదు.

కథ పేరు ఒక ఆటది. చిన్నపిల్లలు వలయంగా కూర్చుంటారు, ఒక్కొక్కరికి ఒక్కో పండు పేరు. పిలిచిన పండు లేచి పరుగెత్తాలి. తోరుకు ఏడిపించడానికి ఒనిగిరి అని పెట్టారు, అంటే అన్నం ముద్ద. పళ్లబుట్టలో అన్నం ముద్దను పిలిచేదెవరు? ఆట ముగిసేదాకా ఆ పిల్ల కూర్చునే ఉంది. పెద్దయ్యాక ఆ పిల్లే క్యోకు ధైర్యం చెబుతుంది. మనిషిలో మంచి అన్నం ముద్ద వీపున అద్దిన ఊరబెట్టిన పండులా ఉంటుందట. పక్కవాడిది మనకు కనపడుతుంది, మనది మనకు కనపడదు.

ఇక స్నేహం. ఈ కథను నిలబెట్టింది అదేనని నా నమ్మకం. తోరు స్నేహితురాలు అరిసా ఉవోతాని చిన్న వయసులోనే రౌడీ అమ్మాయిల ముఠాలో చేరింది. తల్లి వదిలి వెళ్లింది, తండ్రి తాగుబోతు. ముఠా విడిచి వస్తానన్నందుకు చావబాదుతుంటే తోరు వాళ్లమ్మ వెళ్లి ఆమెను బయటికి తెచ్చుకుంది. ఇంకో స్నేహితురాలు సాకి హనాజిమాను బళ్లో మంత్రగత్తె అని వేధించారు. కసికొద్దీ ఒక కుర్రాణ్ని చావమనుకుంది, వాడు కుప్పకూలాడు. వాడు బతికాడు గానీ, ఆనాటి నుంచి ఆమె నల్లబట్టలే కట్టింది, తనకు తానే శిక్ష వేసుకున్నట్టు. ఆ ఇద్దరినీ భయపడకుండా పక్కన కూర్చోబెట్టుకుంది తోరు. అందుకే అమ్మ పోయాక తోరు వెనక ఇద్దరు అక్కచెల్లెళ్లలా నిలబడ్డారు. ఎవడైనా తోరును ప్రేమించాలంటే ముందు వీళ్ల చూపు దాటాలి!

ఆరో సంపుటిలో జోరువాన. క్యో చేతికి ఎప్పుడూ ఉండే పూసల దండను గురువు కజుమా లాగేశాడు. పిల్లి వెనక దాగిన అసలు రూపం బయటికొచ్చింది. వికారమైన మృగం, కుళ్లు కంపు. తోరుకు కడుపులో తిప్పింది, వాంతి చేసుకుంది. భయపడింది. భయపడుతూనే వానలో వెతుక్కుంటూ వెళ్లి పట్టుకుంది. నాకు భయం లేదు అని ఆ పిల్ల చేత అబద్ధం చెప్పించలేదు తకాయా. ఆమె మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

2001 జులైలో ఈ కథ కదిలే బొమ్మలుగా టీవీ టోక్యోలోకి వచ్చింది. స్టూడియో డీన్ నిర్మాణం, అకితారో దైచి దర్శకత్వం, 26 భాగాలు. అదే ఏడాది పత్రికలోని కథకు కొడాన్‌షా మాంగా (బొమ్మల కథల) పురస్కారం దక్కింది. ముందూ చివరా వచ్చే పాటలు రాసి, పాడింది రిత్సుకో ఒకజాకి. మెత్తని గొంతు. ఆ పాటలు విన్నవాళ్లు తోరును ఆ గొంతుతోనే గుర్తుపెట్టుకున్నారు.

డిసెంబరులో టీవీ సీరియల్ అయిపోయింది. పత్రికలో కథ అప్పటికి సగం కూడా కాలేదు. శాపం అలాగే ఉండిపోయింది, ఆ వానరాత్రి తరువాత ఇద్దరూ ఏమయ్యారో తెరమీద చెప్పేవాళ్లు లేరు. తకాయా చెయ్యి కోలుకుంది. రాత మాత్రం మునుపటంత బాగా లేదని ఆమే చెప్పుకున్నారు. గీతలు మారాయి, కథ సాగింది. 2004 మే 5న ఒకజాకి 44 ఏళ్లకే కన్నుమూశారు. 2006 నవంబరులో పత్రికలో ఆఖరి భాగం అచ్చయింది. మొత్తం 23 సంపుటాలు.

ఆ రెండో సగంలోనే అసలు గుండెకోత. క్యోకో చనిపోయిన రోజు ఆ రోడ్డు మీద క్యో ఉన్నాడు. చెయ్యి పట్టి లాగితే బతికేది. లాగితే ఆమె తన మీద పడుతుంది, నలుగురి ముందూ పిల్లి అయిపోతాడు. ఆ క్షణం జంకాడు. అదే మనిషి కూతురిని ఇప్పుడు ప్రేమిస్తున్నాడు, ఆమెకు ఈ సంగతి చెప్పాలి. ఇది తెలియకుండా 2001 నాటి ప్రేక్షకులు ఆ ప్రేమకథను చూశామనుకున్నారు.

2018లో కబురొచ్చింది, మళ్లీ తీస్తున్నారని. తకాయా కోరిక మేరకు బృందమూ కొత్తది, జపనీస్ గొంతులూ కొత్తవి. తోరుకు యుయి హోరియే స్థానంలో మనకా ఇవామి పలికారు. టీఎంఎస్ సంస్థ తీసింది, దర్శకుడు యోషిహిదే ఇబాతా. తకాయాయే దగ్గరుండి పర్యవేక్షించారు. 2019 ఏప్రిల్‌లో మొదలై, కరోనా కాలం దాటి, 2021 జూన్‌లో 63వ భాగంతో కథ పూర్తిగా ముగిసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తోరు అమ్మానాన్నల కథ సినిమాగా కూడా వచ్చింది.

మీ ఇంట్లో టెన్త్ చదివే పిల్ల ఇలాంటిది చూస్తూ కళ్లు తుడుచుకుంటుంటే, బొమ్మలకు ఏడుపేంటే అనకండి. పక్కన కూర్చుని కథేమిటో అడగండి. మీరూ చూడాలనుకుంటే 2019 నాటి దాన్నే పట్టుకోండి, చివరి భాగం దాకా ఆపకండి.