తీగ ఎవరిది, స్తంభం ఎవరిది: పల్లె ఇంటర్‌నెట్‌లో ఉమ్మడి యాజమాన్యం

ఈ పాఠం చదివే ముందు ఒకసారి బయటికి వచ్చి మీ వీధిలోని కరెంటు స్తంభాన్ని చూడండి. పైన విద్యుత్ తీగలు ఉంటాయి. వాటి కింద నల్లటి కేబుళ్లు ఒకటో రెండో, కొన్ని ఊళ్లలో నాలుగైదో కనిపిస్తాయి. వాటిలో ఒకటి ప్రభుత్వ సంస్థది కావచ్చు. మిగిలినవి మీ ఊరి కేబుల్ ఆపరేటరువో, ఏదైనా ప్రైవేటు కంపెనీవో కావచ్చు. ఊరిది అని చెప్పుకోదగ్గది మాత్రం సాధారణంగా ఒక్కటీ ఉండదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో గ్రంథాలయాలు, పరపతి సంఘాలు, పాల సంఘాలు ఊరి ఉమ్మడి ఆస్తులుగా ఏర్పడ్డాయి. ఇంటర్‌నెట్ తీగ అలా ఎందుకు ఏర్పడలేదు? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో పల్నాడు, బాపట్ల జిల్లాలు వచ్చాయి గాని, ఇక్కడ సౌలభ్యం కోసం పాత జిల్లాల పేర్లే వాడుతున్నాను.

తీగ ఎవరిదైతే ఏమిటి, వేగం బాగుంటే చాలదా అని మీకు అనిపించవచ్చు. 1987-88 నాటి పత్తి సంక్షోభాన్ని గుర్తుచేసుకోండి. తెల్లదోమ, శనగపచ్చ పురుగు ఈ రెండు జిల్లాల పత్తిని ఊడ్చిపెట్టాయి. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. అప్పుల్లో కూరుకుపోయిన రైతులు అదే పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నిసార్లు అనే సమాచారం రైతుకు చాలావరకు మందుల దుకాణం నుంచే వచ్చేది. మందు అప్పుగా ఇచ్చేదీ ఆ దుకాణమే. సలహా ఇచ్చేవాడు, అప్పు ఇచ్చేవాడు, సరుకు అమ్మేవాడు ఒక్కరే అయినప్పుడు సలహాను పరీక్షించుకునే మరో దారి రైతుకు లేకపోయింది. గుంటూరు పక్కనే లాం పరిశోధనా కేంద్రం ఉన్నా దాని మాట పొలం గట్టుదాకా చేరడం కష్టంగా ఉండేది. సమాచారం నడిచే దారి ఎవరి చేతిలో ఉంది అనే ప్రశ్నకు ఈ నేల మీద అంత బరువు ఉంది.

సిరిసిల్ల పాఠం

ఊరివాళ్లే తీగకు యజమానులు కావడం మన తెలుగు నేలకు కొత్త కాదు. దీనికి ఉదాహరణ ఇంటర్‌నెట్‌లో కాక విద్యుత్తులో దొరుకుతుంది. 1930లలో అమెరికాలో పట్టణాలకు కరెంటు ఉన్నా పది వ్యవసాయ కుటుంబాల్లో ఒకదానికి మాత్రమే ఉండేది. దూరదూరంగా ఉన్న ఇళ్లకు స్తంభాలు వేస్తే గిట్టుబాటు కాదని కంపెనీలు ముందుకు రాలేదు. 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడి ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చింది. రైతులు సహకార సంఘాలుగా చేరి స్తంభాలు తామే వేసుకున్నారు. ఈ నమూనానే 1960లలో అమెరికా నిపుణుల సహాయంతో మన దేశానికి తెచ్చారు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడింది. దేశంలో ప్రయోగాత్మకంగా ఎంచుకున్న ఐదు చోట్లలో సిరిసిల్ల ఒకటి. 1970లో అక్కడ సహకార విద్యుత్ సరఫరా సంఘం వెలిసింది. జనం దాన్ని 'సెస్' అంటారు. తరువాత కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి వంటి చోట్ల ఏర్పడిన సంఘాలకు 'రెస్కో' అనే పేరు స్థిరపడింది.

వీటి పని తీరు గమనించండి. సంఘం కరెంటును తయారు చేయదు. పెద్ద విద్యుత్ సంస్థ నుంచి మొత్తంగా కొని, తన స్తంభాల మీదుగా సభ్యులకు పంచుతుంది. వాడుకదారే వాటాదారు. పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ అతనే. సిరిసిల్లలో మరమగ్గానికీ, పొలంలో మోటారుకూ కరెంటు ఈ సంఘం నుంచే వెళ్లేది. ఇంటర్‌నెట్‌కు ఈ పద్ధతి అచ్చుగుద్దినట్లు సరిపోతుంది. పెద్ద సంస్థ దగ్గర బ్యాండ్‌విడ్త్ మొత్తంగా కొని, ఊరి కేబుల్ మీద ఇంటింటికీ పంచడమే కదా చేయవలసింది. అమెరికాలో నేడు చాలా విద్యుత్ సహకార సంఘాలు తమ పాత స్తంభాల మీదే ఫైబర్ లాగి సభ్యులకు ఇంటర్‌నెట్ ఇస్తున్నాయి. స్తంభం తమదైనప్పుడు కేబుల్ కట్టడానికి ఎవరినీ అడగనక్కరలేదు.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో స్తంభాలు రెస్కోవి కావు, విద్యుత్ పంపిణీ సంస్థవి. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గాని, ముందు జరిగిన కథను చాలావరకు నిర్ణయించింది ఇదే.

ఫైబర్ వచ్చిన విధం

ఫైబర్ అంటే వెంట్రుక మందాన ఉండే గాజు పోగు. దానిలో సమాచారం కాంతి రూపంలో ప్రయాణిస్తుంది. ఖర్చులో పెద్ద భాగం ఆ పోగుకు కాదు, దాన్ని పాతిపెట్టడానికి చేసే తవ్వకానికి అవుతుంది. మన నల్లరేగడి సంగతి మీకు తెలుసు. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత బీటలిస్తుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. దానికితోడు రోడ్డు వెడల్పు చేసే పొక్లెయిన్లు, మంచినీటి పైపుల తవ్వకాలు. పాతిన కేబుల్ తెగకుండా ఉండటం కష్టమే.

2015లో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఏపీ ఫైబర్‌నెట్ సంస్థ ఇందుకే వేరే దారి ఎంచుకుంది. లోహం లేని కేబుల్‌ను కరెంటు స్తంభాలకే కట్టింది. సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టింది. తొలి దశలో సుమారు 23 వేల కిలోమీటర్ల కేబుల్‌ను 333 కోట్ల రూపాయల అంచనాతో తలపెట్టారు. భూగర్భంలో వేస్తే దీనికి అనేక రెట్లు అయ్యేది. 2016 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చి చూపించారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఇంటర్‌నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలు అన్నది అప్పట్లో ఊరూరా వినిపించిన మాట. ఆ తరువాత టెండర్ల మీద వివాదాలు, కేసులు వచ్చాయి. అవి ఈ పాఠం పరిధిలోకి రావు.

మనకు ముఖ్యమైనది చివరి అంచె. సబ్‌స్టేషన్ దాకా ప్రభుత్వ కేబుల్ వస్తుంది. అక్కడి నుంచి మీ ఇంటికి తీసుకువచ్చేది స్థానిక కేబుల్ ఆపరేటరు. 1990లలో డిష్ ఒకటి డాబా మీద పెట్టి వీధికి తీగ లాగిన ఆ వ్యక్తే లేదా అతని కొడుకే నేడు ఫైబర్ అతికించే యంత్రంతో తిరుగుతున్నాడు. నెలనెలా ఇంటికొచ్చి డబ్బు వసూలు చేసే అలవాటు, ఏ వీధిలో ఎవరి ఇల్లో తెలియడం, రాత్రి పూట ఫోను ఎత్తడం అతని పెట్టుబడి. సిద్ధాంతపరంగా అతను ప్రైవేటు వ్యాపారే గాని, అతన్ని తీసిపారేయలేం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తరువాత మా ఇంటికి కనెక్షన్ తిరిగి వచ్చింది నేను కార్యాలయాలకు చేసిన ఫోన్ల వల్ల కాదు, ఆపరేటరు దగ్గర పనిచేసే కుర్రవాడు నిచ్చెన వేసుకుని వచ్చినందువల్ల. కాకపోతే ఒక ఊరికి ఒకే ఆపరేటరు ఉన్నచోట అతను చెప్పిందే ధర, అతను వచ్చిందే వేళ. వాడుకదారుకు అక్కడ ఓటు లేదు.

సంఘం ఎందుకు పుట్టలేదు

సాధారణంగా చెప్పే కారణం చట్టం. అది నిజమే. 1998లో ఇంటర్‌నెట్ సేవల్లోకి ప్రైవేటు సంస్థలను అనుమతించారు. 2013 నాటి ఏకీకృత లైసెన్సు మార్గదర్శకాల ప్రకారం దరఖాస్తుదారు కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీ అయి ఉండాలి. అంటే పాల సంఘం లాంటి సహకార సంఘం నేరుగా లైసెన్సు అడగడానికి వీలు లేకుండా పోయింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధర ఒక్కసారిగా పడిపోవడం రెండో కారణం. సెల్‌లో చవగ్గా వస్తున్నప్పుడు తీగ కోసం వాటా ధనం కట్టమంటే ఎవరు కడతారు? ఫైబర్ లెక్క ఇక్కడే ఉంది. వీధిలో పది ఇళ్లు చేరినా వంద ఇళ్లు చేరినా కేబుల్ లాగే ఖర్చు దాదాపు ఒకటే. చేరేవాళ్లు తగ్గితే ఆ భారమంతా చేరినవాళ్ల మీదే పడుతుంది.

నా అభిప్రాయంలో వీటికన్నా లోతైన కారణం మరొకటి ఉంది. ఈ ప్రాంతానికి సహకార స్ఫూర్తి లేదనలేం. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఊరివాళ్ల పూనికతో పెరిగి, 1929లో గాంధీజీ చేతుల మీదుగా భవనానికి శంకుస్థాపన చేయించుకుంది. కాని 1964 నాటి సహకార చట్టం పాలకవర్గాలను రద్దు చేసే, ఎన్నికలను వాయిదా వేసే, అధికారులను ఇన్‌ఛార్జులుగా కూర్చోబెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. సొసైటీ అంటే తమది కాదు, అధికార పార్టీది అనే భావన రైతుల్లో స్థిరపడింది. దీన్ని సరిదిద్దడానికే ప్రభుత్వ వాటా, జోక్యం లేని సంఘాల కోసం 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. అప్పటికి ఒక తరం నమ్మకం కోల్పోయింది. వడ్లమూడిలోని సంగం డెయిరీ కూడా సహకార సంఘంగా మొదలై చివరకు ఉత్పత్తిదారుల కంపెనీగా మారింది.

దీనికి ఎదురుగా ఇంగ్లండులోని లాంకషైర్‌ను పెట్టి చూడండి. అక్కడి పల్లెలకు పెద్ద కంపెనీలు ఫైబర్ వేయనంటే 2011లో గ్రామస్థులు 'బార్న్' అనే సంఘం పెట్టుకున్నారు. రైతులు తమ పొలాల గుండా కేబుల్‌కు ఉచితంగా దారి ఇచ్చారు. చాలాచోట్ల కాలువ తవ్వింది కూడా వాళ్లే. అక్కడి చట్టం అలాంటి సంఘాన్ని ఆమోదించింది. పొరుగువాడి మాట మీద వాటా కొనే నమ్మకమూ వాళ్లకు మిగిలి ఉంది.

మన దగ్గర తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పథకం ప్రకారం కిరాణా కొట్టువాడైనా, సంఘమైనా లైసెన్సు లేకుండానే వైఫై పంచవచ్చు. అయితే ఇందులో ఊరికి దక్కేది వైఫై పెట్టె మాత్రమే. దాని వెనక ఉన్న తీగ, ఆ తీగను మోసే స్తంభం ఇంకా వేరేవాళ్లవే.

క్షేత్ర పని: మీ ఊరి కేబుల్ ఆపరేటరును కలిసి మూడు విషయాలు తెలుసుకోండి. అతను బ్యాండ్‌విడ్త్ ఎవరి దగ్గర కొంటున్నాడు? స్తంభానికి అద్దె ఎవరికి, ఎంత కడుతున్నాడు? కనెక్షన్ల సంఖ్య ఎంతకు తగ్గితే అతనికి గిట్టుబాటు కాదు? తరువాత మీ ఊరి సొసైటీ పాలకవర్గానికి చివరిసారి ఎన్నికలు ఏ సంవత్సరంలో జరిగాయో పెద్దలను అడగండి. రెండు సమాధానాలనూ పక్కపక్కన పెట్టి రెండు పుటల్లో రాసి, సంప్రదింపుల తరగతికి తీసుకురండి.