గగనమార్గమున దూరము – కాలము

గోళముపై లండను నగరమునుండి ఆస్ట్రేలియాకు గీత గీయుట సులభము. ఆ దారిని విమానము నడుపుట ఒకప్పుడు ప్రాణములతో పందెము.

1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వము 10,000 పౌనుల బహుమతిని ప్రకటించెను. బ్రిటనునుండి బయలుదేరి 720 గంటలలో, అనగా 30 దినములలో, తమ దేశము చేరిన ఆస్ట్రేలియా వైమానికులకు అది లభించును. ఆరు జట్లు బయలుదేరినవి. నలుగురు వైమానికులు మార్గమధ్యమున మరణించిరి.

రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులు ఇద్దరు మెకానిక్కులతో నవంబరు 12వ తేదీన విక్కర్స్ విమీ విమానముపై బయలుదేరిరి. కరాచీ, ఢిల్లీ, అలహాబాదు, కలకత్తాలలో దిగిరి. జావాలోని సురబయ వద్ద చక్రములు బురదలో దిగబడెను. అచ్చటి జనులు తెచ్చిన వెదురు తడికలను నేలపై పరచి, వాటిమీద విమానమును పరుగెత్తించి పైకి లేపిరి. డిసెంబరు 10న డార్విన్ చేరిరి. పట్టిన కాలము సుమారు 28 దినములు.

ఈ లెక్కను కొంచెము పరిశీలింపవలెను. వారు పయనించిన దూరము సుమారు 17,900 కిలోమీటర్లు. గాలిలో గడపిన కాలము 136 గంటలు మాత్రమే; సగటు వేగము గంటకు 132 కిలోమీటర్లు. తక్కిన కాలమంతయు నేలమీదనే గడచెను. ఇంధనము పోసుకొనుటకు, యంత్రములను సరిచూచుటకు, చీకటిలో ఆగుటకు అది వ్యయమయ్యెను.

దూరముకూడ అంత ఉండనక్కరలేదు. గోళముపై రెండు స్థలముల నడుమ దారమును బిగించి పట్టినచో అది మహావృత్తపు రేఖను చూపును. భూమిపై అదియే దగ్గరి దారి. ఆ రేఖవెంట లండనునుండి డార్విన్‌కు సుమారు 13,900 కిలోమీటర్లే. దిగుటకు అనువైన స్థలములను వెదకుకొనుచు పోవుటచే 4,000 కిలోమీటర్లు అధికమయ్యెను.

1947 డిసెంబరులో క్వాంటాస్ సంస్థ సిడ్నీనుండి లండనుకు కాన్‌స్టెలేషన్ విమానములను నడుపసాగెను. సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో మున్నగు చోట్ల ఆగుచు నాలుగు దినములలో చేరెడివి. గంతులు వేయుచు పోవుటచే దానికి కంగారూ మార్గమను పేరు తగియున్నది.

2018 మార్చిలో ఆస్ట్రేలియాలోని పెర్త్‌నుండి లండనుకు ఎచ్చటను ఆగని విమానము ప్రారంభమయ్యెను. దూరము 14,500 కిలోమీటర్లు. కాలము సుమారు 17 గంటలు. 28 దినములతో పోల్చినచో కాలము దాదాపు నలుబదవ వంతుకు తగ్గినది. వేగము మాత్రము పెరిగినది ఆరున్నర రెట్లే! మజిలీలు తొలగుటవలన అయిదు రెట్లు, దారి సూటియగుటవలన మరికొంత లాభము కలిగెను. కావున ప్రయాణకాలమును తగ్గించినది వేగమొక్కటే కాదు. ఎక్కువ ఇంధనమును మోయగల రెక్కలు, తక్కువ ఇంధనముతో పనిచేయు ఇంజనులుకూడ అంతటి పనియే చేసినవి.

రాస్ స్మిత్ ఈ మార్పును చూడలేదు. ప్రపంచమును చుట్టివచ్చుటకు సిద్ధపడుచు, 1922 ఏప్రిలులో, ఒక విమానమును పరీక్షించుచుండగా అది కూలి మరణించెను. డార్విన్ వరకు అతనితో వచ్చిన మెకానిక్కు బెన్నెట్‌కూడ అందులోనే మరణించెను. నేడు ప్రయాణికులు నిద్రలో దాటుచున్న దారిని తొలుత తెరచినవారు వీరే.