తెలుగు టైటాన్స్ లాంటి టీమ్ కుర్రాళ్లను ఎలా ఎంచుకుంటుంది? కొల్లేరు నుంచి ప్రో కబడ్డీకి దారేది?

సంక్రాంతి వస్తే చాలు.. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల, కొల్లేరు ఊళ్లలో కబడ్డీ బరులు రెడీ అయిపోతాయి. కూతకెళ్లి ఇద్దరు ముగ్గుర్ని కొట్టొచ్చే కుర్రాడు ఊరికొకడైనా ఉంటాడు. మరి అలాంటోడు ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్ జెర్సీ వేసుకోవాలంటే? అతనిలో టీమ్‌లు ఏం చూస్తాయి?

ముందు టైటాన్స్ సంగతి చూద్దాం. 8వ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు. 9లో రెండు, 10లో రెండు. మూడుసార్లూ ఆఖరి స్థానమే. అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అయితే కింద ఉన్న టీమ్‌లకు డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాడిని ముందుగా తీసుకునే ఛాన్స్ ఎక్కువ. ప్రో కబడ్డీ వేలంలో ఆ ఊరట లేదు. చివర ఉన్నా, కప్పు కొట్టినా పర్సు ఒకటే.

10వ సీజన్ వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు రూ.2.605 కోట్లు పెట్టింది. అప్పటికి అదే రికార్డు. రూ.5 కోట్ల పర్సులో సగానికి పైగా ఒక్కడికే! ఆ సీజన్ గెలిచిన పుణేరి పల్టన్ కూడా ఇరాన్ ఆటగాడు షాద్లూయికి రూ.2.35 కోట్లు ఇచ్చింది. అంటే తేడా స్టార్ దగ్గర లేదు. పల్టన్‌కు అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లు అప్పటికే రెండు సీజన్లుగా కలిసి ఆడుతున్నారు. టైటాన్స్‌కు ఆ పునాది లేదు.

ఇక్కడే ఎన్‌వైపీ, అంటే న్యూ యంగ్ ప్లేయర్ కీలకం. ఇంతకుముందు లీగ్ ఆడని కుర్రాళ్లను టీమ్‌లు ఈ కేటగిరీలో తక్కువ ఖర్చుతో తీసుకుని, తర్వాతి సీజన్లకూ అట్టిపెట్టుకోవచ్చు.

ఏం చూస్తారు?

మొత్తం పాయింట్లు చూసి మురిసిపోతే మోసపోయినట్టే. బలహీనమైన టీమ్ మీద 15 పాయింట్లు ఎవరైనా తెస్తారు. ఎన్ని కూతలకు ఎన్ని పాయింట్లు, ఎన్నిసార్లు దొరికిపోయాడు అన్నదే అసలు లెక్క. రెండు ఖాళీ కూతల తర్వాత వచ్చే డూ ఆర్ డైలో పాయింట్ తేకపోతే ఔట్. 30 సెకన్లలో ఆ ఒత్తిడిని ఎలా తట్టుకున్నాడన్నది కుర్రాడి గురించి చాలా చెబుతుంది. ఆరుగురు, అంతకంటే ఎక్కువ మంది డిఫెండర్లు ఉన్నప్పుడు బోనస్ గీత దాకా వెళ్లే తెగువ ఉందా, ఒకే ఎత్తు మీద బతుకుతున్నాడా అన్నదీ చూస్తారు.

డిఫెండర్‌ను అంచనా వేయడం ఇంకా కష్టం. కార్నర్‌లో ఉన్నోడు తొందరపడి యాంకిల్ హోల్డ్‌కు దూకితే రైడర్‌కు పాయింట్ చేతిలో పెట్టినట్టే. పట్టిన పట్టు ఎంత ముఖ్యమో, పట్టకుండా ఆగడం కూడా అంతే ముఖ్యం. అది స్కోర్‌షీట్‌లో కనిపించదు, మ్యాచ్ చూడాల్సిందే. ముగ్గురు, అంతకంటే తక్కువ మంది మిగిలినప్పుడు పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. అప్పుడు ఎవరు ముందుకొస్తారో గమనిస్తారు.

ఇక మన ఊరి కుర్రాళ్లకు పెద్ద చిక్కు మ్యాట్. మట్టిలో ఒట్టి కాళ్లతో ఆడే అడుగు వేరు, మ్యాట్ మీద షూతో వేసే అడుగు వేరు. మలుపు తిరిగేటప్పుడు మోకాలు జాగ్రత్త. 9వ సీజన్‌లో పవన్ తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆగిపోయాడు. బరువు కూడా లెక్కే. సీనియర్ పురుషులకు 85 కిలోల పరిమితి ఉంది.

దారి ఎటు?

జిల్లా సెలెక్షన్స్, అక్కడి నుంచి రాష్ట్ర జట్టు, జూనియర్ నేషనల్స్ లేదా ఖేలో ఇండియా. టీమ్‌ల కళ్లు ఉండేది అక్కడే, సంక్రాంతి బరి దగ్గర కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉంది. ఏ జిల్లా సెలెక్షన్స్‌కు వెళ్లాలో ముందే కనుక్కోవడం మంచిది.

టైటాన్స్ 11వ సీజన్‌లో కోచ్ కృషన్ కుమార్ హుడా వచ్చాక 12 మ్యాచ్‌లు గెలిచింది. 2025లో జరిగిన 12వ సీజన్‌లో పవన్ లేకుండానే, విజయ్ మాలిక్ కెప్టెన్సీలో క్వాలిఫయర్-2 దాకా వెళ్లింది. ఆ సీజన్ మొదలైంది విశాఖలోనే.