రైఫిల్ తూటా: పాతవి, కొత్తవి

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఎగిరిపోయే బుల్లెట్, దాన్ని తోసే మందు, ఆ మందును అంటించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి కేస్. బజారులోకి వచ్చే ‘కొత్త తూటా’ను పాతవాటి నుంచి వేరుచేసేది ప్రధానంగా ఈ కేస్ కొలతలే. అయితే దాదాపు నూట నలభై ఏళ్ళ చరిత్రలో తూటా పనితనాన్ని నిజంగా మార్చినవి వేరు: మందు, బుల్లెట్ ఆకారం, బ్యారెల్ లోపలి గాడుల మెలిక. వీటితో కలిసి వచ్చిన కొత్త కేస్ నిలిచింది. కేస్ ఒక్కటే మారిన చోట లాభం కంటే ప్రచారమే ఎక్కువ.

పొగరాని మందు, మొనదేలిన బుల్లెట్

1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియేయ్ పొగ దాదాపు రాని తుపాకిమందును తయారుచేశాడు. అంతకుముందున్న నల్ల తుపాకిమందు పేలితే ఎదుటి మనిషి కనబడనంత పొగ కమ్మేది, బ్యారెల్ మసిబారేది. బుల్లెట్ వేగం సెకనుకు 400 మీటర్ల చుట్టుపక్కలే ఆగిపోయేది. అందుకే ఆ కాలపు బుల్లెట్లు లావుగా, బరువుగా ఉండేవి. వేగంతో సాధించలేనిదాన్ని బరువుతో సాధించాల్సి వచ్చేది. కొత్త మందు నింపిన 8 మి.మీ. లెబెల్ తూటా 1886లో ఫ్రెంచి సైన్యంలో చేరింది. వేగం ఒక్కసారిగా 600 మీటర్లు దాటింది. బుల్లెట్ సన్నబడింది.

మిగతా దేశాలు పరుగెత్తక తప్పలేదు. బ్రిటన్ 1888లో .303 తెచ్చింది, కానీ పొగరాని మందు చేతికందక మొదట నల్లమందునే గట్టిగా అదిమి నింపింది. కార్డైట్ అనే పొగరాని మందు వచ్చాకే ఆ తూటా తన అసలు శక్తిని చూపింది. కేస్ అదే, బుల్లెట్ కొలతా అదే, మారింది మందొక్కటే. రష్యా 7.62×54ఆర్ 1891లో పుట్టింది. జర్మన్ మౌజర్ 7×57, స్వీడన్-నార్వేల ఉమ్మడి సంఘం రూపొందించిన 6.5×55 ఆ తర్వాత మూడు నాలుగేళ్ళలోనే వచ్చాయి. ఈ నాలుగూ నేటికీ తయారవుతున్నాయి. డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్‌లో, పీకే మెషిన్‌గన్‌లో ఇప్పటికీ పేలుతున్నది 1891 నాటి ఆ రష్యన్ తూటాయే.

రెండో మలుపు బుల్లెట్ ఆకారం. తొలి పొగరాని తూటాల బుల్లెట్లు మొద్దు ముక్కువి. 1898లో ఫ్రాన్స్, 1905 నాటికి జర్మనీ మొనదేలిన బుల్లెట్లకు మారాయి. గాలి నిరోధం తగ్గింది, దూరాన కూడా వేగం మిగిలింది. అమెరికా సైన్యం 1903లో తెచ్చిన తూటాలో 220 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువును చెప్పే చిన్న కొలత) మొద్దు బుల్లెట్ ఉండేది. మూడేళ్ళకే కేస్ మెడను కాస్త కురచ చేసి 150 గ్రెయిన్ల మొనదేలిన బుల్లెట్‌ను అమర్చారు. .30-06 పేరులోని 06 ఆ 1906వ సంవత్సరమే. బ్రిటన్ కూడా 1910లో .303కు 174 గ్రెయిన్ల మొనదేలిన బుల్లెట్ ఇచ్చింది. 1884 నుంచి 1910 దాకా సాగిన ఈ పాతికేళ్ళలో వచ్చినంత మార్పు ఆ తర్వాతి వందేళ్ళలో రాలేదన్నది అతిశయోక్తి కాదు.

బోయర్ యుద్ధంలో 7×57 మౌజర్ల చేతిలో దెబ్బతిన్న బ్రిటన్ .303ను పక్కనపెట్టి .276 ఎన్‌ఫీల్డ్ అనే వేగవంతమైన తూటాను 1913లో పరీక్షించింది. అది బ్యారెల్‌ను విపరీతంగా వేడెక్కించింది, లోపల త్వరగా అరగదీసింది, పేలినప్పుడు మంట కళ్ళకు కొట్టేది. మరుసటి ఏడే ప్రపంచ యుద్ధం రావడంతో ఆ ప్రయత్నం అటకెక్కింది. పోవలసిన ‘త్రీ నాట్ త్రీ’ రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది, మన పోలీసు స్టేషన్లలో మరికొన్ని దశాబ్దాలు గోడకు వేలాడింది.

చట్టం కన్న తూటాలు

కొత్త తూటా పుట్టడానికి కారణం ఎప్పుడూ సాంకేతికతే కానక్కరలేదు. దీనికి మన దేశమే మంచి ఉదాహరణ. సైనిక తుపాకులకు సరిపడే తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 1907 ప్రాంతంలో భారత్, సూడాన్‌లలో .450 క్యాలిబర్ రైఫిళ్ళను నిషేధించింది. ఏనుగుల వేటకు అప్పటికి బాగా చెలామణిలో ఉన్నది ఆ కొలతే. లండన్ తుపాకీ కంపెనీలు వెంటనే .465, .470, .475, .476 అంటూ వరసబెట్టి తూటాలు దింపాయి. వేటలో వీటికీ నిషేధించిన .450కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వీటిలో .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ ఆఫ్రికా వేటలో ప్రముఖమైనది.

.303 కూడా సైనిక కొలత కావడంతో పౌరులకు అందలేదు. ఆ లోటును .315 పూడ్చింది. ఇది ఆస్ట్రియా వారి పాత 8 మి.మీ. మాన్లిచర్ తూటా సంతతి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇదే విభజన కొనసాగింది. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు లైసెన్సుదారుల కోసం ప్రధానంగా .315 రైఫిల్‌నే తయారుచేస్తూ వచ్చాయి. మంచిదని ఎంచుకున్న తూటా కాదది, మిగిలింది అదే. అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. కొన్ని మధ్య రాష్ట్రాల్లో జింకల వేటకు మెడ నొక్కని తిన్నని కేస్ ఉన్న తూటాలనే అనుమతించడంతో, ఆ చట్టానికి సరిపడేలా 2019లో .350 లెజెండ్ వచ్చింది.

పేరు మారితే తూటా కొత్తదైపోయిన సందర్భాలూ ఉన్నాయి. చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు 1907లో బహూకరించిన రిగ్బీ రైఫిల్ .275 కొలతది. ఆ .275 రిగ్బీ జర్మన్ 7×57కు ఇంగ్లీషు కంపెనీ పెట్టుకున్న పేరు మాత్రమే. ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపిన డబ్ల్యు.డి.ఎం. బెల్ కూడా ఎక్కువగా దీన్నే వాడాడు. అతనికి తూటా శక్తికన్నా ఏనుగు పుర్రె నిర్మాణం మీద అవగాహన ఎక్కువ పనికొచ్చింది. చిత్తూరు జిల్లా చామల లోయలో మనుషులను తినే పులి వెంటపడ్డ కెన్నెత్ ఆండర్సన్ భుజాన ఉండేది .405 వించెస్టర్. మొద్దు ముక్కు బుల్లెట్, కొద్ది దూరానికే దిగజారే వేగం. కాగితం మీద అది వెనుకబడ్డ తూటాయే. దక్షిణాది అడవుల్లో కాల్చే దూరాలకు ఆ వెనుకబాటు ఎప్పుడూ అడ్డు రాలేదు.

మాగ్నమ్‌ల మోజు, మెలిక పాఠం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా వేట తూటాల బజారులో వేగమే మంత్రమైంది. 1950ల చివర వచ్చిన .264 వించెస్టర్ మాగ్నమ్ సన్నటి బుల్లెట్ వెనక పెద్ద కేస్ నిండా మందు కూరింది. వేగం వచ్చింది, బ్యారెల్ గొంతు త్వరగా కాలిపోయింది. 1962 నాటి 7 మి.మీ. రెమింగ్టన్ మాగ్నమ్ కాస్త సంయమనంతో వచ్చి దాన్ని పక్కకు నెట్టింది.

అసలు పాఠం 1955 నాటి పోటీలో ఉంది. ఆ ఏడు వించెస్టర్ .243, రెమింగ్టన్ .244 తెచ్చాయి. రెండింటి బుల్లెట్ కొలతా ఒకటే, శక్తిలో కొంచెం మొగ్గు .244 వైపే. కానీ రెమింగ్టన్ తన బ్యారెళ్ళకు 12 అంగుళాలకు ఒక చుట్టు మెలిక పెట్టింది. చిన్న జంతువులను కొట్టే తేలిక బుల్లెట్లకు అది చాలు. జింకలకు వాడే 100 గ్రెయిన్ల పొడవైన బుల్లెట్ ఆ మెలికలో తగినంత తిరగక గాలిలో తడబడేది. వించెస్టర్ 10 అంగుళాల మెలికతో రెండు పనులకూ పనికొచ్చింది. రెమింగ్టన్ తర్వాత మెలికను 9 అంగుళాలకు బిగించి, 1963లో పేరు కూడా 6 మి.మీ. రెమింగ్టన్ అని మార్చి అమ్మింది. అప్పటికే కొనేవారు .243 వైపు వెళ్ళిపోయారు. ఓడింది తూటా కాదు, దానికి జతచేసిన బ్యారెల్.

2001లో ‘పొట్టి లావు’ కేస్‌ల వంతు వచ్చింది. కేస్ కురచగా, వెడల్పుగా ఉంటే మందు ఒకే తీరుగా మండుతుందని 1975లో వచ్చిన పీపీసీ తూటాలతో గురి పోటీల్లో గెలిచినవారు నమ్మారు. ఆ నమ్మకం ఆధారంగా .300 డబ్ల్యుఎస్ఎమ్ (వించెస్టర్ షార్ట్ మాగ్నమ్) వచ్చింది. 1963 నాటి .300 వించెస్టర్ మాగ్నమ్ పనిని పొట్టి యాక్షన్‌లో (తూటాను బ్యారెల్ మొదట్లోని చాంబర్‌లోకి ఎక్కించే యంత్రభాగం కురచగా ఉన్న రైఫిల్‌లో), కొంచెం తక్కువ మందుతో చేసి చూపింది. నిజమైన లాభమే, కానీ చిన్నది. దాని వెనకే వచ్చిన ఇంకా పొట్టి రకాలు, రెమింగ్టన్ వారి పోటీ తూటాలు చాలామటుకు కనుమరుగయ్యాయి. లావు కేస్ మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి సాఫీగా జారదు, మ్యాగజైన్‌లో పట్టే తూటాలూ తగ్గుతాయి. అవి కొన్నవారికి ఈనాడు తూటాలు వెతుక్కోవడమే పని.

క్రీడ్‌మూర్ ఎందుకు గెలిచింది

6.5 క్రీడ్‌మూర్ చరిత్ర వీటన్నిటికన్నా ఆసక్తికరం. హార్నడీ కంపెనీ దీన్ని 2007-08లో తెచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని 19వ శతాబ్దపు గురి మైదానం పేరే దీనికి పెట్టారు. దూరపు గురి పోటీల్లో పాల్గొనేవారి కోరిక సాదాసీదాది: వెనుదన్ను (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే ఊపు) తక్కువగా ఉండాలి, గాలికి తేలిగ్గా పక్కకు పోకూడదు, కంపెనీ తూటాలే కొని పోటీలో నిలబడగలగాలి.

నిజానికి 6.5 మి.మీ. బుల్లెట్ కొత్తది కాదు. స్వీడన్ 6.5×55 తూటా 1890లలోనే పొడవైన బుల్లెట్‌తో, దాదాపు 8 అంగుళాల బిగువైన మెలికతో వచ్చింది. స్కాండినేవియాలో ఇప్పటికీ దానితో మూస్ జింకలను వేటాడతారు. అయితే పాత క్రాగ్, మౌజర్ రైఫిళ్ళు తట్టుకోవాలని అమెరికా ప్రమాణాలు దాని పీడనాన్ని చదరపు అంగుళానికి 51,000 పౌండ్లకు పరిమితం చేశాయి. క్రీడ్‌మూర్‌కు 62,000 దాకా అనుమతి ఉంది. పైగా స్వీడిష్ తూటా పొడవు వల్ల పొట్టి యాక్షన్‌లో పట్టదు. 1997 నాటి .260 రెమింగ్టన్ పొట్టి యాక్షన్‌లో పడుతుంది గానీ, దాని కేస్ క్రీడ్‌మూర్ కేస్ కంటే 3 మి.మీ. పొడవు. పొడవైన బుల్లెట్ పెడితే మ్యాగజైన్‌లో ఇరుక్కుంటుంది, లేదా బుల్లెట్‌ను కేస్‌లోకి లోతుగా దించాలి. మెలికా చాలా రైఫిళ్ళలో తగినంత బిగువుగా లేదు.

క్రీడ్‌మూర్ రూపకర్తలు కొత్త భౌతికశాస్త్రమేమీ కనిపెట్టలేదు. కురచ కేస్, 8 అంగుళాల మెలిక, బుల్లెట్‌ను బ్యారెల్ మధ్యకు సూటిగా నడిపే చాంబర్, పోటీకి పనికొచ్చే ఫ్యాక్టరీ తూటా. ఈ నాలుగింటినీ ఒకే ప్రమాణంలో రాసిపెట్టారు. గాలిని చీల్చుకుపోయే సామర్థ్యాన్ని బ్యాలిస్టిక్ కోఎఫిషెంట్ అనే అంకెతో కొలుస్తారు. 140 గ్రెయిన్ల 6.5 బుల్లెట్లలో మంచివాటికి అది సుమారు 0.65, .308 అనే పాత తూటాలో వాడే ప్రసిద్ధ 168 గ్రెయిన్ల పోటీ బుల్లెట్‌కు సుమారు 0.46. రెండో బుల్లెట్ 900 మీటర్ల ప్రాంతంలో ధ్వని వేగానికి దిగి నిలకడ కోల్పోతుంది. మొదటిది ఆ దూరం దాటినా సూటిగానే వెళుతుంది. అమెరికా ప్రత్యేక దళాలు 2018లో తమ సెమీ ఆటోమేటిక్ స్నైపర్ రైఫిళ్ళకు దీన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే.

అదే 200 మీటర్ల దూరంలో ఒక జింకకు ఈ తేడా ఏమీ తెలియదు. అక్కడ 7×57, .270, .30-06, క్రీడ్‌మూర్ అన్నీ ఒక్కటే పని చేస్తాయి. మరో సంగతి: పాత .308నే బిగువు మెలిక బ్యారెల్‌లో ఆధునిక పొడవు బుల్లెట్‌తో కాలిస్తే పైన చెప్పిన తేడాలో కొంత భాగం కరిగిపోతుంది. కొత్త తూటాకు కొత్త బుల్లెట్‌ను, పాత తూటాకు పాత బుల్లెట్‌ను ఇచ్చి పోల్చడం పత్రికల్లో సాధారణమైన పొరపాటు.

అసలు దూరం పోటీయే లేని చోట వయసు లెక్కలోకే రాదు. ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో కాల్చేది 1887 నాటి .22 లాంగ్ రైఫిల్ తూటానే. ఆ 50 మీటర్ల పోటీల్లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాల్చింది దాన్నే, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది దానితోనే.

సైన్యాల లెక్క

సైన్యానికి తూటా అంటే బరువు కూడా. 1954లో నాటో ప్రమాణమైన 7.62×51, మెరుగైన మందు పుణ్యాన .30-06 పనిని 12 మి.మీ. కురచ కేస్‌లో చేసింది. కానీ ఒక్కో తూటా సుమారు 24 గ్రాములు, ఆటోమేటిక్‌గా కాలిస్తే రైఫిల్ అదుపులో ఉండదు. దాని సగం బరువుండే 5.56 వచ్చాక సైనికుడు మోసే తూటాల సంఖ్య రెట్టింపైంది. ఇది కొత్త తూటా తెచ్చిన నిర్వివాదమైన లాభం. ఒక్క తూటా శక్తి తగ్గించి సాధించిన లాభమది.

2022లో అమెరికా సైన్యం మళ్ళీ ఎదురు దిశ పట్టింది. ఆధునిక కవచాలను దూరం నుంచి ఛేదించాలని 6.8×51 తూటాను ఎంచుకుంది. పీడనం చదరపు అంగుళానికి 80,000 పౌండ్లు. అంత ఒత్తిడిని ఇత్తడి ఒక్కటే తట్టుకోలేదు కనుక కేస్ అడుగు ఉక్కుతో చేశారు. పొగరాని మందు తర్వాత కేస్ నిర్మాణంలోనే వచ్చిన అరుదైన మార్పు ఇది. మూల్యమూ ఉంది: 30 తూటాల మ్యాగజైన్ స్థానంలో 20 తూటాలదే వచ్చింది, వెనుదన్ను పెరిగింది.

భారత సైన్యం 1990లలో 7.62 ఎస్ఎల్ఆర్‌ను వదిలి 5.56 ఇన్సాస్ రైఫిల్‌కు మారింది. 2019 నుంచి సరిహద్దు దళాలకు వచ్చిన సిగ్ 716 రైఫిల్ మళ్ళీ 1954 నాటి 7.62×51నే కాలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో తయారవుతున్న ఏకే-203లో పడేది సోవియట్ ఇంజనీర్లు 1943లో గీసిన 7.62×39.