తొమ్మిదేళ్లు మేయరు లేని మహానగరం

2021 మార్చి 10న గ్రేటర్ విశాఖలోని 98 వార్డులకు పోలింగ్ జరిగింది. స్టీల్‌ప్లాంటును ప్రైవేటుపరం చేస్తారన్న కబురు వచ్చి నెలన్నర కూడా కాలేదు. కూర్మన్నపాలెంలో కార్మికుల దీక్షా శిబిరం నడుస్తోంది. ఆ వేడిలో ఒక సంగతి చాలామంది దృష్టికి రాలేదు: 2012లో పద్దెనిమిదేళ్లు నిండిన విశాఖ యువతి కార్పొరేటరుకు మొదటిసారి ఓటు వేసినప్పుడు ఆమె వయసు ఇరవై ఏడు.

2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో తీరింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారులే నగరాన్ని నడిపారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఊరిని ఊపేసినప్పుడు, 2020 మేలో ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ విషవాయువు లీకైనప్పుడు, జనం తలుపు తట్టి నిలదీయడానికి వార్డుకొక కార్పొరేటరు లేడు.

రాజ్యాంగం మాత్రం ఇందుకు చోటివ్వలేదు. రాజీవ్‌గాంధీ ప్రభుత్వం 1989లో తెచ్చిన నగరపాలక బిల్లు రాజ్యసభలో ఓడింది. పి.వి. నరసింహారావు హయాంలో అదే ఆశయం 74వ సవరణగా నెగ్గి, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాలకవర్గం గడువు అయిదేళ్లకు మించకూడదనీ, ఆ గడువు తీరకముందే ఎన్నికలు జరగాలనీ 243యు అధికరణం శాసించింది. ప్రకృతి వైపరీత్యంలాంటి అసాధారణ కారణం ఉంటే తప్ప జాప్యం తగదని సుప్రీంకోర్టు కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో చెప్పింది. మరి విశాఖలో ఎక్కడ ఆగింది?

విలీనాల దగ్గర. గాజువాక పురపాలికనూ, చుట్టుపక్కల గ్రామాలనూ కలుపుకొని 2005లో కార్పొరేషన్ గ్రేటర్ అయింది. 2013లో అనకాపల్లి, భీమునిపట్నం వచ్చి చేరాయి. ఊళ్లు కలిసినప్పుడల్లా వార్డుల హద్దులు మళ్లీ గీయాలి, రిజర్వేషన్లు మళ్లీ తేల్చాలి. విలీనంపై కేసులు నడిచాయి. హద్దులు గీసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, ఎన్నిక జరిపే బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘానిది. మొదటిది కదలకపోతే రెండోది చేతులు కట్టుకొని కూర్చోవలసిందే.

2020 మార్చిలో ఎన్నికల ప్రక్రియ మొదలైంది. కొవిడ్ కారణంగా రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్‌కుమార్ దాన్ని వాయిదా వేశారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమిషనరు పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించడంతో ఆయన పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టివేసింది. ఆగిన ఎన్నిక చివరికి 2021 మార్చిలో జరిగింది.

జాప్యం ఒక చిక్కు, మేయరు ఎన్నిక పద్ధతి మరొకటి. మేయరును ఎవరు ఎన్నుకోవాలన్నది రాజ్యాంగం రాష్ట్ర చట్టానికే విడిచిపెట్టింది. ఆ వెసులుబాటుతో పద్ధతి అటూ ఇటూ మారింది. ఎన్టీఆర్ ప్రభుత్వం ప్రజలే నేరుగా ఎన్నుకునే విధానం తెచ్చాక 1987లో డి.వి. సుబ్బారావు మేయరయ్యారు. 1995లో సబ్బం హరి వచ్చారు. 2005 నుంచి ఎన్నిక మళ్లీ కార్పొరేటర్ల చేతికి వెళ్లింది. 2021లో కార్పొరేటర్లు ఎన్నుకున్న గొలగాని హరి వెంకట కుమారిని 2025 ఏప్రిల్ 19న కార్పొరేటర్లే 74 ఓట్లతో అవిశ్వాసం నెగ్గి దించారు. ఆ నెల 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. 2021లో ఓటేసిన జనానికి ఇందులో పాత్ర లేదు.

జాప్యం ఆగాలంటే రాజ్యాంగ సవరణ ఎక్కడ కావాలో విశాఖ అనుభవమే చూపిస్తోంది. వార్డుల విభజన గడువులోగా పూర్తికాకపోతే పాత వార్డులతోనే ఎన్నిక జరిపే అధికారం ఎన్నికల సంఘానికి ఇస్తూ 243యులో ఒక్క వాక్యం చేర్చాలి. ఆ ప్రతిపాదన ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానంగా ఢిల్లీకి వెళ్లాలి. తొమ్మిదేళ్లు నష్టపోయిన నగరం ఎమ్మెల్యేలే దాన్ని ముందుగా సభలో పెట్టాలి.