ఎద్దులు తోలే కావాస్జీ ముక్కు, దాంట్లో ఊపిరి సంగతి

పనులు కాస్త తెరిపిచ్చాయి కాబట్టి ఈసారి కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

కావాస్జీ అని ఒక మరాఠా ఆయన, మనలాగే వ్యవసాయం చేసే కులం. ఇంగ్లీషు సైన్యం దగ్గర ఎద్దులు తోలేవాడు. 1792 యుద్ధంలో టిప్పు సుల్తాను వాళ్లకు దొరికిపోయాడు. ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. ఏడాది పైన అలాగే తిరిగాడు. ముక్కు పోతే పరువు పోయినట్టే అంటాం కదా, ఆ ఏడాది ఎట్లా గడిచిందో ఊహించుకోండి.

ఆయనకు మళ్లీ ముక్కు పెట్టింది పెద్ద డాక్టరేం కాదు. పూణే దగ్గర ఇటుకలు చేసే కులం మనిషి. ఈ పని ఎట్లా చేస్తారో బొంబాయి డాక్టర్లు ఇద్దరు, క్రూసో, ఫిండ్లే అనేవాళ్లు కళ్లారా చూశారు. పలచటి మైనం రేకుతో ముక్కు ఆకారం చేసి, దాన్ని నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీస్తారు. ఆ గీత లోపలి చర్మం లేపుతారు. కనుబొమల మధ్య చిన్న పట్టీ మాత్రం కొయ్యరు. చర్మాన్ని మెలితిప్పి కిందికి దించి, పాత ముక్కు అంచు చెక్కి అక్కడ అతికిస్తారు. అతుకు మీద మనం తాంబూలంలో వేసుకునే కాచు పట్టీలు, నాలుగు రోజుల తర్వాత నెయ్యిలో తడిపిన గుడ్డలు. 25వ రోజుకి ఆ పట్టీ కోస్తారు.

ఎందుకు అన్ని రోజులు ఆగాలంటే, మామిడి అంటు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అతుకు పడేదాకా తల్లిచెట్టు నుంచి కొమ్మ కొయ్యం. ఇక్కడ రసానికి బదులు రక్తం, అంతే తేడా.

1794లో లండన్ 'జెంటిల్మన్స్ మ్యాగజైన్'లో ఇది బొమ్మతో సహా అచ్చయింది. అది చదివిన కార్ప్యూ అనే డాక్టరు శవాల మీద సాధన చేసి 1814లో లండన్లో ఒక సైనికాధికారికి ఇదే పద్ధతిలో ముక్కు పెట్టాడు. అక్కణ్ణించి యూరప్ అంతా పాకింది. ఇటుకలు చేసే ఆయన పేరు మాత్రం ఎవరూ రాయలేదు. నాకు ఇదే బాధ.

ఇక అసలు సంగతి. ఆ ఉత్తరంలో ముక్కు చూడ్డానికి బాగుందని రాశారు. ఊపిరి మాటేంటి? పదో రోజున రంధ్రాల్లో మెత్తటి గుడ్డ పీలికలు పెట్టేవాళ్లంట, మూసుకుపోకుండా. అంతకుముందెప్పుడో సుశ్రుత సంహితలో చెంప చర్మంతో ముక్కు చేసే పద్ధతిలో కూడా రెండు గొట్టాలు పెట్టమని ఉంది. అంటే గాలి ఆడాలన్న ధ్యాస మన పాతవాళ్లకు ఉంది.

కానీ ఉత్త చర్మం రాటలు లేని పందిరి లాంటిది. పుండు మానేకొద్దీ ముడుచుకుంటుంది, గట్టిగా గాలి పీలిస్తే పక్కలు లోపలికి పడిపోతాయి. ఎద్దుకు ముకుతాడు వేసినవాళ్లకు తెలుసు, రెండు రంధ్రాల మధ్య ఒక గోడ ఉంటుందని. మన ముక్కు నిలబడేది అలాంటి గోడ మీద, మెత్తటి ఎముక మీద. మొదటి ప్రపంచ యుద్ధంలో మొహాలు చితికిన సైనికులకు గిలీస్ అనే డాక్టరు పక్కటెముక దగ్గరి మెత్తటి ఎముక తీసి, ముందు నుదుటి చర్మం కింద పెట్టి, తర్వాత రెండూ కలిపి కిందికి దించాడు. అంటే పందిరికి ముందే రాటలు కట్టుకున్నట్టు.

ఇప్పుడు చెవి నుంచి, ముక్కు మధ్య గోడ నుంచి కూడా తీస్తున్నారు. పక్కటెముకది గట్టిగా ఉంటుంది గానీ వంకర తిరిగే గుణం ఉంది. ముక్కు లోపల గాలి దారి బాగా ఇరుకైన చోటు ఒకటుంది, అక్కడ కొంచెం తగ్గినా ఊపిరి బరువవుతుంది. అక్కడ మధ్య గోడకు పక్కనే సన్నటి ముక్కలు పెట్టి దారి వెడల్పు చేసే పద్ధతిని 1984లో షీన్ అనే అమెరికా డాక్టరు రాశాడు. ముక్కు పక్కల అంచుల్లో పుట్టుకతో మెత్తటి ఎముక ఉండదు, అయినా కొత్త ముక్కు చేసేటప్పుడు అక్కడా పెడతారు, కుంగిపోకుండా. అలాగని మందంగా పెడితే అదే దారికి అడ్డం. లోపలి పొర బదులు మామూలు చర్మం వేస్తే తడి ఉండదు, పక్కు కడుతుంది, ఉప్పునీళ్లతో కడుక్కుంటూ ఉండాలి.

పుండు వల్లనో యాక్సిడెంట్ వల్లనో మనవాళ్లెవరికైనా ఈ ఆపరేషన్ చెప్తే, ఎట్లా కనపడుతుంది అని ఒక్కటే అడగొద్దు. పడుకుంటే గాలి ఆడుతుందా, ఎక్కణ్ణించి ఎముక తీస్తారు, ఎన్నిసార్లు కొయ్యాలి అని కూడా అడగండి. కావాస్జీ కాలంలో పెట్టిన గుడ్డ పీలికల చోట ఇప్పుడు సిలికాన్ గొట్టాలు ఇస్తారు. కొంతమంది నెలల తరబడి రాత్రిళ్లు పెట్టుకుని పడుకోవాల్సి వస్తుంది.