కాలేయములో నీటితిత్తి: గొర్రె, కుక్క, మనిషి కలిసి మోసిన వ్యాధి చరిత్ర

పెన్నా డెల్టాలో వరికోతలు ముగిసిన పిమ్మట పొలాలలో గొర్రెల మందలు కట్టడం నెల్లూరు జిల్లాలో తరతరాల ఆచారం. చేనికి ఎరువు దక్కుతుంది, కాపరికి ప్రతిఫలం దక్కుతుంది. మన దేశపు గొర్రెలలో మిక్కిలి పొడవైనదిగా పేరొందిన జాతికి ఈ జిల్లా పేరే స్థిరపడింది. తెల్లని పల్ల, నల్లమచ్చల జోడిపి, ఎర్రని దొర అని అందులో మూడు రకాలు. మంద వెంట కాపరి, కాపరి వెంట కుక్క సాగడం ఇక్కడ నిత్యము కనిపించే దృశ్యమే. ఈ మూడు ప్రాణుల సాంగత్యము మీదనే ఆధారపడి, వేల ఏళ్ళుగా కొనసాగుతున్న వ్యాధి ఒకటి ఉన్నది. దానిని హైడాటిడ్ వ్యాధి అంటారు. అది తరచు కాలేయములో నీటితిత్తిగా బయటపడుతుంది. మన దేశములో ఈ వ్యాధి ఎక్కువగా నమోదైన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఉన్నాయి. నెల్లూరు తీరవాసులు దీని చరిత్రను తెలుసుకోవడం ఎంతో అవసరము.

నీటిబుడగ నుండి పురుగు దాకా

నీటితో నిండిన కాలేయము పగిలి, కడుపులోనికి నీరు చిమ్మితే రోగి మరణిస్తాడని గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ కాలము నాటికే వైద్యులు గమనించారు. వధించిన పశువుల కాలేయములో ఇట్టి బుడగలు తరచు కనిపిస్తాయని గాలెన్ వ్రాశాడు. గ్రీకు భాషలో నీటిబుడగ అనే అర్థమున్న మాట నుండే హైడాటిడ్ అనే పేరు వచ్చింది. అయితే అది ఒక జీవి అని చాలాకాలము ఎవరికీ తెలియదు. 1782లో జర్మనీకి చెందిన గోజ్ అనే మతాచార్యుడు తిత్తిలోని నీటిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో బద్దెపురుగు తలలను పోలిన రేణువులను చూశాడు. 1850లలో వాన్ సీబోల్డ్ గొర్రె తిత్తులను కుక్కలకు తినిపించగా వాటి ప్రేగులలో చిన్న బద్దెపురుగులు పెరిగాయి. 1863లో నౌనిన్ మనిషి శరీరము నుండి తీసిన తిత్తితో అదే ప్రయోగము చేసి అదే ఫలితము పొందాడు. దానితో గొలుసు పూర్తి అయింది.

ఆ పురుగు పేరు ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్. పొడవు కొద్ది మిల్లీమీటర్లే. కుక్క ప్రేగులో ఉంటూ గుడ్లు పెడుతుంది. అవి మలముతో బయటపడి గడ్డి మీద, నీటిలో, కుక్క వెంట్రుకలపై చేరుతాయి. గొర్రె ఆ గడ్డిని మేస్తుంది. మనిషి కడగని చేతులతోనో, ఆకుకూరలతోనో వాటిని మ్రింగుతాడు. గుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు ప్రేగు గోడను చీల్చుకొని, ద్వారసిర ద్వారా కాలేయమునకు చేరుతుంది. సుమారు నూటికి డెబ్బై తిత్తులు కాలేయములోనే ఏర్పడతాయి. తరువాతి స్థానము ఊపిరితిత్తులది.

గుమ్మము వద్ద పోరు, ఇంటిలో రాజీ

ఇంత పెద్ద పరాయిజీవిని శరీర రక్షణ వ్యవస్థ ఎందుకు తరిమివేయలేదన్న ప్రశ్న సహజము. నిజమునకు అది ఊరకుండదు. అప్పుడే వచ్చిన పిల్లపురుగు బలహీనమైనది. ప్రతిరక్షకాలు, వాటికి తోడ్పడే కాంప్లిమెంట్ అనే రక్త మాంసకృత్తులు దానిని చంపగలవు. అయితే మొదటిసారి వచ్చిన శత్రువును గుర్తించి తగినన్ని ప్రతిరక్షకాలను తయారుచేయడానికి శరీరమునకు కొన్ని వారాలు పడుతుంది. ఆలోగా పురుగు తన చుట్టూ పొరలు పొరలుగా కణరహితమైన గోడ కట్టుకొంటుంది. రక్షణ కణాలు ఆ గోడను దాటి పురుగు సజీవకణాలను తాకలేవు. పైగా పురుగు విడిచే పదార్థాలు రక్షణ వ్యవస్థను దారి తప్పించి, దాని తీవ్రతను అణచే కణాలను ప్రోత్సహిస్తాయి. చివరకు శరీరము తిత్తి చుట్టూ పీచుకణజాలముతో వెలుపలి గోడ ఒకటి కట్టి ఊరకుంటుంది. ఇది గెలుపూ కాదు, ఓటమీ కాదు, రాజీ మాత్రమే. అందువలననే ఎట్టి బాధ లేకుండా పదేళ్ళు, ఇరవై ఏళ్ళు తిత్తి పెరుగగలదు.

గొర్రెలలో దీనికి చక్కని నిదర్శనము ఉన్నది. ఒకసారి గుడ్లు మ్రింగిన గొర్రెలో కొత్తగా వచ్చే పిల్లపురుగులను చంపే శక్తి కలుగుతుంది. లోపల స్థిరపడిన పాత తిత్తులు మాత్రము అలాగే పెరుగుతూ ఉంటాయి.

రక్షణయే ప్రమాదమైనప్పుడు

1902లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు రిషే, పోర్టియర్ సముద్రజీవుల విషముపై పరిశోధిస్తూ, తొలిసారి తట్టుకొన్న విషమును రెండవసారి అతి స్వల్పముగా ఇచ్చినా కుక్కలు మరణించడం చూశారు. దీనికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో రిషేకు నోబెల్ బహుమతి లభించింది. నీటితిత్తి పగిలినప్పుడు కొందరు రోగులు హఠాత్తుగా ఎందుకు కుప్పకూలుతారో దీనితో అర్థమైంది. ఏళ్ళ తరబడి తిత్తి నుండి కొద్దికొద్దిగా ఊరిన పదార్థాలకు శరీరము ముందే సిద్ధపడి ఉంటుంది. తిత్తి పగిలి నీరంతా ఒక్కసారి రక్తములో కలిస్తే ఆ సిద్ధపాటే ప్రాణము మీదికి తెస్తుంది.

1911లో ఇటలీ వైద్యుడు కసోనీ ఈ గుణమునే వ్యాధి నిర్ణయమునకు వాడాడు. తిత్తి నీటిని చర్మములోనికి సూదితో ఎక్కిస్తే వ్యాధి ఉన్నవారికి నిమిషాలలో దద్దురు లేచేది. ఇతర వ్యాధులలో కూడా దద్దురు రావడము, పరీక్షయే ప్రమాదమునకు దారి తీయవచ్చుననే భయము వలన అది కనుమరుగైంది. ఈ దద్దురుకు కారణమైన ఐజీఈ అనే ప్రతిరక్షకము 1966, 1967 సంవత్సరాలలో గాని బయటపడలేదు. పురుగు వ్యాధులలో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు పెరుగుతాయని చాలామంది వినే ఉంటారు. తిత్తి పగలకుండా ఉన్నంత కాలము అవి మామూలుగానే ఉండవచ్చు. కనుక రక్తపరీక్షలో ఆ కణాలు పెరగనంత మాత్రాన వ్యాధి లేదని చెప్పరాదు.

నేడు అల్ట్రాసౌండ్ పరీక్షతో తిత్తి దశను నిర్ణయిస్తారు. దశను బట్టి ఆల్బెండజోల్ మందు, సూదితో నీటిని తీసి పురుగును చంపే పద్ధతి, శస్త్రచికిత్స, లేదా కేవలము గమనించడము ఎంచుకొంటారు. కాలేయములోని ఏ నీటితిత్తినైనా, అది ఏమిటో తేల్చుకొనక ముందు సూదితో గుచ్చరాదు.

ఐస్‌లాండ్ నేర్పిన పాఠము

19వ శతాబ్దిలో ఐస్‌లాండ్ ఈ వ్యాధితో తీవ్రముగా బాధపడింది. అక్కడ కూడా గొర్రెలు, కుక్కలు, మనుషులు ఒకేచోట బ్రతికేవారు. 1860లలో హరాల్డ్ క్రాబ్బె ఆ దీవిలో పర్యటించి, కుక్కలను పరీక్షించి, ప్రజలకు అర్థమయ్యే చిన్న పుస్తకము వ్రాశాడు. 1869లో కుక్కల నియంత్రణకు చట్టము వచ్చింది. తిత్తులున్న అవయవాలను కుక్కలకు అందనీయకుండా నాశనము చేయసాగారు. సమర్థమైన మందు లేని ఆ కాలములోనే, కొన్ని తరాలలో వ్యాధి ఆ దీవి నుండి తొలగిపోయింది.

1990లలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ శాస్త్రజ్ఞులు గొర్రెలకు ఈజీ95 అనే టీకాను రూపొందించారు. దాని సూత్రము పైన చెప్పినదే. గోడ కట్టకముందే పిల్లపురుగును చంపగల ప్రతిరక్షకాలను ముందుగా సిద్ధము చేయడం.

మనము చేయవలసినది

కార్జము తింటే ఈ వ్యాధి వస్తుందని కొందరు భయపడతారు. అది నిజము కాదు. తిత్తిలోని పురుగు తలలు కుక్క ప్రేగులోనే పెద్దవి అవుతాయి. మనకు వ్యాధిని కలిగించేది కుక్క మలములోని గుడ్డు. కనుక ఆదివారము మాంసపు కొట్టు వద్ద తిత్తులున్న కాలేయమును, ఊపిరితిత్తులను వీధి కుక్కలకు విసరడమే అసలు తప్పు. వాటిని కాల్చాలి, లేదా కుక్కలు త్రవ్వలేనంత లోతుగా పూడ్చాలి. మంద కుక్కలకు పశువైద్యుని సలహాతో క్రమముగా ప్రాజిక్వాంటెల్ ఇప్పించాలి. కుక్కను తాకిన పిల్లలు చేతులు సబ్బుతో కడుగుకోవాలి. ఆకుకూరలను పారే నీటిలో బాగా కడగాలి.

లోపలికి వచ్చి గోడ కట్టుకొన్న శత్రువును మన శరీరము తనంత తాను తరిమివేయడము అరుదు. గుమ్మము వద్దనే ఆపడము మన చేతిలో ఉన్నది.